బి.పి. 191

పోలీస్ యాక్షన్ మొదలైందని తెలిసిన పొద్దున, బొల్లారం నుంచి ఒక జట్కా వచ్చి లాలాగూడలో మా రైల్వే క్వార్టర్ ముందు ఆగింది. అందులోంచి టీచరమ్మ దిగారు. నా భార్యకు చిన్నప్పుడు మిషన్ స్కూల్లో చదువు చెప్పిన మనిషి. అప్పటికి అరవైకి దగ్గర్లో ఉన్నారు, పెళ్లి చేసుకోలేదు. కంటోన్మెంటులో ఒక్కరే ఉండటం మంచిది కాదని నా భార్యే వారం ముందు కబురు పెట్టింది. వచ్చిన మనిషి దగ్గర నగల మూట లేదు, బట్టల పెట్టె కూడా లేదు. పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో జానెడు టేకు పెట్టె ఒకటి పట్టుకున్నారు.

పక్క క్వార్టర్‌లో ఉండే గూడ్సు గార్డు అరుగు మీద నిలబడి చూస్తున్నాడు.

"ఏందమ్మా, లోకమంత బంగారం పట్కొని ఉరుకుతుంటే మీరేం పట్కొచ్చిన్రు? బాంబు గిట్ల లేదు కద అండ్ల?"

"బాంబు కాదు నాయనా, సీతాకోకచిలుక," అన్నారు టీచరమ్మ.

"ఎన్నున్నయి?"

"ఒక్కటే."

"ఒక్కటా! గా ఒక్కదానికి ఇంత పెద్ద జట్కానా?"

ఏడేళ్ల కిందటి మాట ఇది. ఇప్పుడు నాకు నలభై తొమ్మిది. నేను వర్క్‌షాపులో, బాయిలర్ షాపులో, గేజులు సరిచూసే పని చేస్తాను. నా చదువు అయిదో క్లాసుతో ఆగిపోయింది. లెక్కలు మాత్రం ఆగలేదు. పాత పుస్తకాల బండి మీద దొరికిన లాగరిథమ్ పట్టికలతో నాకు నేనే నేర్చుకున్నాను. ఏ అంకె కనబడినా అది ఎక్కడి నుంచి వచ్చిందో తేలే దాకా నాకు అన్నం సరిగా దిగదు. ఆ అలవాటు వల్లే ఈ కథలో నాకు చోటు దొరికింది.

ఆ అయిదు రోజులూ వర్క్‌షాపు లేదు, బళ్లు లేవు, తపాలా లేదు. తలుపు గడియ వేసుకుని ఇంట్లో కూర్చున్నాం. రెండో రోజు మధ్యాహ్నం టీచరమ్మ పెట్టె తెరిచారు. కలరా ఉండలు అరిగిపోయాయేమో చూడాలన్నారు. లోపల బెండు పలక, దాని మీద గుండుసూదికి గుచ్చిన సీతాకోకచిలుక. కాఫీ గింజ రంగు రెక్కలు, పై రెక్కల చివర నారింజ రంగు మచ్చ, ఆ మచ్చలో కన్నులాంటి నల్లచుక్క. నేను స్కేలు పెట్టి కొలిచాను. రెండంగుళాలకు ఒక సూతు తక్కువ. అంగుళంలో ఎనిమిదో వంతును మా షాపులో సూతు అంటారు.

"పట్టుకునే ముందు కొలిచేవాణ్ని నిన్నే చూశాను తమ్ముడూ," అని నవ్వారు టీచరమ్మ. "అందరూ బాగుంది అంటారు. నువ్వు ఎంతుంది అంటావు."

గుండుసూది కింద వేలిగోరంత కాగితం ముక్క ఉంది. వంకర అక్షరాలతో, ఇంగ్లీషులో, 'జూన్, బి.పి. 191' అని ఉంది. అంతే.

ఆ కాగితం గురించే ఆవిడ గుండె బరువంతా. ఆవిడ చెప్పింది ఇది. వాళ్ల నాన్న బొల్లారంలో ఒక దొర దగ్గర బట్లరు. దొర సర్వే పని మీద హిమాలయాల వైపు పోతే ఈయననూ వెంట తీసుకుపోయాడు. రెండేళ్లున్నారు. దొరకు సీతాకోకచిలుకల పిచ్చి. వాళ్లు మకాం పెట్టింది అయిదు వేల అడుగుల ఎత్తున ఉన్న ఒక కొండ ఊళ్లో. అక్కడి నుంచి దొర లండన్‌కు ఒక పెట్టె పంపితే, అక్కడి పండితుడొకాయన అందులో ఒకటి ఎవరికీ తెలియని జాతి అని తేల్చి, కొత్త పేరు పెట్టి, వర్ణన రాసి అచ్చు వేయించాడు. ఆ అచ్చు కాగితం పెట్టెలోనే మడత పెట్టి ఉంది. దొరికిన చోటు ఆ కొండ ఊరు, సేకరించినది దొర, అని అందులో ఉంది.

"మా నాన్న చచ్చేదాకా చెప్పాడు తమ్ముడూ. పట్టింది తనేనని. ఊళ్లో కాదు, రెండు రోజులు నడిచి ఎక్కిన కనుమ మీద పట్టాడట. రెండు పట్టి దొరకు ఇస్తే, అందులో ఒకటి దొరే తిరిగి ఇచ్చాడట, అది తన దగ్గర ఉంచుకున్నాడు. విన్నవాళ్లంతా, బట్లరుకు సీతాకోకచిలుకలేంటి, ప్లేట్లు కడిగే చెయ్యి అని నవ్వేవారు. నేను కూడా పన్నెండేళ్లప్పుడు ఒకసారి నవ్వాను."

ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆవిడ పెట్టె మూత మీద చెయ్యి పెట్టుకున్నారు.

ఆవిడ ఆ సీతాకోకచిలుకను దూరాన ఒక పెద్ద మ్యూజియానికి ఇవ్వదలచుకున్నారు. వాళ్లు సంతోషంగా తీసుకుంటామన్నారు. ఏడాది ఆఖరుకు కొత్త జాబితా అచ్చుకు పోతుంది, ఆలోగా దొరికిన చోటుకు ఆధారం పంపితే అది రాస్తాం, లేకపోతే పాత అచ్చులో ఉన్నదే ఉంచుతాం, అని మర్యాదగా ఉత్తరం రాశారు. ఆధారంగా ఆవిడ దగ్గర ఉన్నది ఒక్క చిట్టీ. అప్పట్లో దొరలు పని మానిపించేటప్పుడు నౌకర్లకు మంచిగా చేశాడని రాసి ఇచ్చే కాగితం. అందులో దొర సొంత చేత్తో రాశాడు: నమ్మకస్తుడు, రొట్టె బాగా కాలుస్తాడు, జూన్ నెలంతా నేను మడమ బెణికి బంగళాలో మంచం మీద ఉంటే నా పరికరాలు పట్టుకుని కూలీతో కనుమ దాకా పోయి వచ్చాడు. కనుమ పేరు కూడా ఉంది. సీతాకోకచిలుక మాట లేదు.

కనుమకు పోయినట్టు చిట్టీ చెబుతోంది. సీతాకోకచిలుక ఎక్కడిదో గుండుసూది కింది చీటీ చెప్పాలి. చీటీలో ఉన్నది బి.పి. 191. దానికి అర్థం చెబితే ముసలాయన మాట నిలుస్తుంది, చెప్పకపోతే లేదు. ఎన్నేళ్లుగానో టీచరమ్మకు అర్థం కాలేదు. వాళ్ల నాన్నకే చివరికి గుర్తు లేదట. దొర ఎలా రాయమంటే అలా రాశానమ్మా, అనేవాడట.

"బైబిల్ పేజీ అనుకున్నాను," అన్నారు ఆవిడ. "నాన్న బైబిల్‌లో నూట తొంభై ఒకటో పేజీ ఎన్నిసార్లు చదివానో. అక్కడ గుడారం పరదాలకు ఎన్ని మూరలుండాలో ఉంది, సీతాకోకచిలుక లేదు."

నా భార్య రైల్వే ఆసుపత్రిలో నర్సు. ఆమె చీటీ చూసి ఒక్క క్షణం ఆలోచించలేదు. "గిది బ్లడ్ ప్రెషర్ టీచరమ్మా. నూటతొంభై ఒకటంటే దొరకు మస్తు ఎక్కువున్నట్టు. మడమ బెణికింది గాదు, గుండె అదిరింది."

గోడ అవతల నుంచి గార్డు, "బ్లాక్ పోస్టు!" అని అరిచాడు. మా ఇళ్ల మధ్య గోడ పేరుకే. "లైను మీద గార్డు బండి ఆపే జాగ. నూటతొంభై ఒకటో మైలు కాడ ఉంటది. పక్కా."

"ఆ కొండల్లో అప్పటికి రైలే లేదు కదా," అన్నాను.

"రైలు లేకుంటే మనుషులెట్ల బతికిన్రు?" అని అడిగాడు, నిజంగానే ఆశ్చర్యపడి.

వాళ్లను చూసి నవ్వాను గాని నేను చేసింది కూడా అదే. ఇరవై ఏళ్లుగా బాయిలర్ షాపులో ఉన్నవాడికి బి.పి. అంటే బాయిలర్ ప్రెషర్. చదరపు అంగుళానికి 191 పౌన్లు. మా షాపుకు వచ్చే ఇంజన్లలో నూట అరవైవి ఉన్నాయి, నూట ఎనభైవి ఉన్నాయి. నూట తొంభై ఒకటిది లేదు. అయినా వదలకుండా రెండు రోజులు కాగితాలు నింపాను. సర్వే దొరల దగ్గర చిన్న ఆవిరి యంత్రం ఉండేదేమోనని, దాన్ని కనుమ మీదికి మోయడానికి ఎంతమంది కూలీలు కావాలో కూడా లెక్క వేశాను. ముప్పై నలుగురు. చిట్టీలో ఉన్నది ఒక్క కూలీ.

నాలుగో రోజు మధ్యాహ్నం నా భార్య కందిపప్పు పొయ్యి మీద పెట్టింది. పాత పప్పు. ఎంతకీ ఉడకలేదు. మూడుసార్లు మూత తీసి చూసి విసుక్కుంది.

"గీ పప్పుకేం రోగమొచ్చింది? బొగ్గులన్నీ దీనికే అయిపోతున్నయి."

టీచరమ్మ ముగ్గు పిండిలాంటి నవ్వు ఒకటి చల్లారు. "మా నాన్న కూడా ఇలాగే తిట్టుకున్నాడట అమ్మాయ్. కనుమ మీద పప్పు పొద్దున పెడితే పొద్దుగూకినా ఉడకలేదట. నీళ్లు చూస్తే తెర్లుతున్నాయట, పప్పు చూస్తే పలుకు. కొండకు కోపం వచ్చిందని కూలీ దండం పెట్టాడట. దొర మాత్రం ఆ తెర్లే నీళ్లు చూడటానికే పంపాడమ్మా అనేవాడు నాన్న. టీ తాగకుండా నీళ్లు చూడటమేంటో అని మేం నవ్వుకునేవాళ్లం."

నా చేతిలో కంచం అలాగే ఉండిపోయింది.

బాయిలర్‌లో ప్రెషర్ పెరిగే కొద్దీ నీళ్లు మరగడానికి ఎక్కువ వేడి కావాలి. ఇది నాకు ఊపిరి తీసినంత తెలుసు. ప్రెషర్ తగ్గితే ఏమవుతుందని ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా అడుక్కోలేదు. మా షాపులో తగ్గించే పని లేదు మరి. కొండ మీద గాలి బరువు తక్కువ. అక్కడ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. అందుకే మరిగినా పప్పు ఉడకదు. కింద సముద్రపు ఒడ్డున నీళ్లు మరిగేది ఫారెన్‌హీటు 212 దగ్గర. 191 దానికి కింద ఉంది.

"బాయిలింగ్ పాయింట్," అన్నాను.

"ఏందయ్యా?" అంది నా భార్య.

"బి.పి. అంటే బాయిలింగ్ పాయింట్. ముసలాయన నీళ్లు కాచింది ఎత్తు కొలవడానికి."

కంచం కింద పెట్టి అల్మారా దగ్గరికి పోయాను. షాపులో వాడే నా జేబు పుస్తకం ఒకటుంది. ఆవిరి పట్టికలున్న పేజీలు నల్లబడి చిరిగిపోయాయి. చివర్లో ఎప్పుడూ తిప్పని పేజీలు అతుక్కుని ఉన్నాయి. బ్లేడుతో విడదీస్తే, మరిగే వేడిని బట్టి ఎత్తు కట్టే సూత్రం అక్కడే ఉంది. 212 లోంచి మరిగిన వేడి తీసెయ్యి, మిగిలినదాన్ని 517తో హెచ్చించు, దానికి మిగిలినదాని వర్గం కలుపు. అడుగులు వస్తాయి.

212 లోంచి 191 పోతే 21. ఇరవై ఒకటి అయిదు వందల పదిహేళ్లు పదివేల ఎనిమిది వందల యాభై ఏడు. ఇరవై ఒకటి వర్గం నాలుగు వందల నలభై ఒకటి. మొత్తం పదకొండు వేల రెండు వందల తొంభై ఎనిమిది.

అచ్చు కాగితంలోనే, ఊరి వర్ణన చివర, ఊరికి పైన ఉన్న కనుమ ఎత్తు పదకొండు వేలకు కొంచెం పైన అని ఉంది. చిట్టీలో ఉన్న పేరే ఆ కనుమది. ఊరు అయిదు వేల అడుగుల దగ్గర ఉంది. ఆ ఊళ్లో నీళ్లు 202 దాటాక గాని మరగవు. అక్కడ ఎవరూ 191 రాయలేరు.

టీచరమ్మకు ఆ లెక్క చెప్పాను. పప్పు గిన్నె వైపే చూస్తూ కూర్చున్నారు. తర్వాత, "ఆ రోజు నవ్వినప్పుడు నాన్న కూడా నాతోపాటు నవ్వేశాడు తమ్ముడూ," అన్నారు.

ఆ పూట మా ఇంట్లో పప్పు ఉడకనే లేదు. పచ్చడితో తిన్నాం. ఆ రోజు ఏ కూరా అంత రుచిగా ఉండేది కాదు.

అయితే పుస్తకంలో ఉన్న సూత్రాన్ని నేను స్వయంగా చూసుకోకుండా నమ్మను. నమ్మి మ్యూజియానికి రాయను. రైళ్లు, తపాలా మళ్లీ నడిచాయి. టీచరమ్మ బొల్లారం వెళ్లి స్కూలు తెరిచారు. నేను షాపులో ఫోర్‌మన్‌ను అడిగి అర డిగ్రీ గీతలున్న థర్మామీటరు ఒకటి ఆదివారానికి తెచ్చుకున్నాను. మూత ఉన్న కెటిల్‌లో నీళ్లు పోసి, కార్కుకు బెజ్జం చేసి, థర్మామీటరు గుండు నీళ్లకు తగలకుండా ఆవిరిలో ఉండేలా పెట్టాను. మా క్వార్టర్‌లో 208న్నరకు పైన ఒక వెంట్రుకవాసి దగ్గర నిలిచింది. సూత్రం వేస్తే పదిహేడు వందల చిల్లర అడుగులు. స్టేషన్ బోర్డు మీద ఉన్న ఎత్తుతో కలిసింది. కాని ఒక్క చోట కలిస్తే అది కాకతాళీయం కావచ్చు. ఇంకా ఎత్తయిన చోటు కావాలి.

నవంబరులో ఒక ఆదివారం, చర్చి అయ్యాక, నలుగురం మౌలాలి గుట్ట ఎక్కాం. స్టవ్ నా చేతిలో, కెటిల్ గార్డు చేతిలో, థర్మామీటరు గుడ్డలో చుట్టి టీచరమ్మ చేతిలో. నా భార్య టీ పొడి, చక్కెర, కప్పులు ఒక సంచిలో వేసుకుంది. మెట్లు ఎక్కుతూ నేను లెక్కపెట్టాను. గార్డూ లెక్కపెట్టాడు. పైకి పోయాక ఇద్దరి లెక్కా కలవలేదు.

"నువ్వు ఆయాసానికి ఆగినప్పుడల్ల ఒకటి కలిపినవే అన్నా," అన్నాడు గార్డు.

"నువ్వు కెటిల్ చేయి మార్చినప్పుడల్లా ఒకటి మింగావు."

"ఇద్దరు ఒక్క ముచ్చట చెప్పుండ్రి, లేకుంటే నన్ను మల్ల ఎక్కిస్తరు," అంది నా భార్య బండ మీద కూలబడి.

గాలి తగలకుండా బండ చాటున స్టవ్ ముట్టించాం. గార్డుకు నమ్మకం లేదు. "కొండెక్కితే నీళ్లు చల్లగ మరుగుతయా? గీ ముచ్చట నా భార్యకు చెప్తే నన్ను ఇంట్లకు రానియ్యది." కెటిల్ ముక్కులోంచి ఆవిరి లేచింది. నేను చూడలేదు. నా కళ్లు నాకు కావలసిందే చూస్తాయని భయం. అందుకని టీచరమ్మను చదవమన్నాను. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని, మోకాళ్ల మీద కూర్చుని, చాలాసేపు చూశారు.

"208. ఆ పైన ఇంకేమీ లేదు."

గార్డు తోసుకొచ్చి తనూ చూశాడు. "అర్రె," అన్నాడు. "అర డిగ్రీ ఎటువోయింది?"

ఇంటి దగ్గర కన్నా అర డిగ్రీకి పైనే తక్కువ. అంటే దాదాపు మూడు వందల అడుగులు పైన ఉన్నాం. గుట్ట ఎత్తు అంతే ఉంటుంది. నేను కాగితం మీద లెక్క వేస్తుంటే టీచరమ్మ ఇంకా మోకాళ్ల మీదే ఉండి కెటిల్‌ను చూస్తున్నారు. వాళ్ల నాన్న ఆ కనుమ మీద ఇలాగే కూర్చుని ఉంటాడు. చలిలో, రాత అలవాటు లేని చేత్తో 191 అని గీసి, తర్వాత తల ఎత్తి చూసి ఉంటాడు. నా భార్య కెటిల్ మూత తీసి టీ పొడి వేసేసింది.

"చూసుడు అయింది కద. ఇగ తాగుండ్రి."

208 డిగ్రీల టీ. అంత మంచి టీ నేను మళ్లీ తాగలేదు.

ఉత్తరం నేను లెక్కలతో రాస్తే టీచరమ్మ ఇంగ్లీషు చేశారు. చిట్టీకి నకలు, చీటీలో ఉన్నది ఉన్నట్టు, సూత్రం, లాలాగూడ కొలత, మౌలాలి కొలత, అన్నీ పెట్టాం. లండన్ పండితుడు తప్పు చేశాడని రాయలేదు. ఆయనకు పెట్టె ఆ ఊరి నుంచి వచ్చింది, పెట్టె మీది ఊరే రాశాడు. వర్ణన పుట్టింది లండన్‌లో, పెట్టె బయలుదేరింది కొండ ఊళ్లో, సీతాకోకచిలుక పట్టుబడింది కనుమ మీద. మూడు చోట్లూ మూడు నిజాలే. ఒకదాని చోట ఇంకొకటి పడింది. చివర్లో, థర్మామీటరు చదవడంలో అర డిగ్రీ అటూ ఇటూ అయితే ఎత్తు రెండు వందల ఎనభై అడుగుల దాకా మారవచ్చు, అయినా ఊరి ఎత్తుకు దిగిరాదు, అని కూడా రాశాను. ఆ వాక్యం అక్కర్లేదేమో అన్నారు టీచరమ్మ. ఉండాలన్నాను.

డిసెంబరులో క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు జవాబు వచ్చింది. టీచరమ్మ విప్పకుండా బొల్లారం నుంచి మా ఇంటికి తెచ్చారు. మళ్లీ జట్కాలోనే. గార్డు అరుగు మీదే ఉన్నాడు.

"ఈసారి ఎన్ని తెచ్చిన్రమ్మా?"

"చదివితే తెలుస్తుంది నాయనా, రా."

ఉత్తరంతో పాటు ఒక చిన్న అట్టముక్క ఉంది. గాజు పెట్టెలో సీతాకోకచిలుక కింద పెట్టబోయేదానికి నకలు. టీచరమ్మ నిలబడే చదివారు. దొరికిన చోటు: కనుమ పేరు. ఎత్తు: సుమారు పదకొండు వేల మూడు వందల అడుగులు, నీరు మరిగే వేడిని బట్టి. సేకరించినది: అక్కడ ఆవిడ అట్టముక్కను కళ్లకు దగ్గరగా తెచ్చుకున్నారు. వాళ్ల నాన్న పేరు, ఇంటిపేరుతో సహా, పూర్తిగా ఉంది. బట్లరు అని లేదు. దొర పేరు ఆ కింది వరసలో, పంపించినవారు అని ఉంది.

గార్డు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. నా భార్య వెళ్లి టీచరమ్మను పట్టుకుంది. నేను అట్టముక్క తీసుకుని మళ్లీ చదివాను. ఒక చోట నా కన్ను ఆగింది.

"పదకొండు వేల మూడు వందలు కాదు," అన్నాను. "రెండు వందల తొంభై ఎనిమిది. రెండడుగులు ఎక్కువ రాశారు."

"ఏమయ్యా!" అంది నా భార్య. "రెండొందల ఎనభై అటూఇటూ అని నువ్వే రాస్తివి. మల్ల రెండడుగులకు లొల్లా?"

"అది కొలతలో తేడా. ఇది లెక్కలో తప్పు. రెండూ వేరు."

"రాయి అన్నా, ఇంకో ఉత్తరం రాయి," అన్నాడు గార్డు. "వచ్చే క్రిస్మస్‌కు జవాబొస్తది."

టీచరమ్మ నా చేతిలోంచి అట్టముక్క నెమ్మదిగా తీసుకున్నారు. కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి, కాని పెదాల మీద నవ్వు పుట్టింది. క్లాసులో పిల్లవాడు తప్పు చెప్పబోతుంటే ముందే పట్టుకునే టీచరు నవ్వు అది.

"నాన్న కెటిల్ ఎక్కడ పెట్టాడు తమ్ముడూ?"

"నేల మీద."

"మరి సీతాకోకచిలుక?"

నేను అట్టముక్క వైపు మళ్లీ చూశాను.

"రెండడుగుల పైన ఎగురుతూ ఉంటుంది," అన్నారు ఆవిడ. "లెక్క సరిగ్గానే ఉంది."